అటారీ టీనేజ్ రయట్ పాటలు నిజంగా ఇష్టపడి వినేవాళ్ళు ఉన్నారా, లేక అదంతా ఫోజా?

ఉన్నారు. మా ఇంట్లోనే ఇద్దరం ఉన్నాం. ఒకణ్ణి నేను. రెండో ఆయన మా నాన్న, అప్పటికి ఆయనకి అరవై ఎనిమిదేళ్ళు.

మీరు ఈ జర్మన్ ఎలక్ట్రానిక్ బ్యాండు "డిలీట్ యువర్‌సెల్ఫ్!" ఆల్బమ్‌లో రెండు పాటలు విని, తలనొప్పి వచ్చి ఆపేశానని రాశారు. దీన్ని గొప్పది అనేవాళ్ళు నిజంగా వింటారా, ఫోజు కొడతారా అని అడిగారు. ఫోజు కొట్టేవాళ్ళూ ఉన్నారు, కాదనను. బ్యాండు పేరున్న టీషర్టు వేసుకుని ఒక్క పాట పేరు చెప్పలేనివాళ్ళని నేనూ చూశాను. ఆ మాటకొస్తే కచేరీకి పట్టుపంచె కట్టుకుని వెళ్ళి, ముందు వరసలో కూర్చుని, తనియావర్తనం మొదలవగానే క్యాంటీన్‌కి లేచిపోయేవాళ్ళు లేరా? వాళ్ళని చూసి మృదంగం సంగీతం కాదని ఎవరూ అనరు కదా.

నేను మొదట విన్నది 2007లో, ఇంజినీరింగ్ హాస్టల్లో. అంతకు ముందు ఏడాది వచ్చిన "టోక్యో డ్రిఫ్ట్" సినిమాలో వీళ్ళ "స్పీడ్" పాట ఉంది. మన దేశంలో చాలామందికి వీళ్ళు తగిలింది అలాగే అని నా గట్టి నమ్మకం. మా రూమ్మేటు పెన్‌డ్రైవ్‌లో ఆ పాట పెట్టి ఇచ్చాను. అరగంటలో వెనక్కి తెచ్చి, "ఫైలు కరప్ట్ అయిందిరా, మళ్ళీ కాపీ చెయ్" అన్నాడు. మళ్ళీ చేసిచ్చాను. ఇది కూడా కరప్టే అన్నాడు. ఇప్పటివరకూ నేను చదివిన రివ్యూల్లో సగం ఈ రెండు వాక్యాల్నే సాగదీసి రాసినవి.

నాకు కూడా అప్పుడు నచ్చింది ఆ జోరు ఒక్కటే. అసలు ఆ చప్పుడులో ఏముందో నాకు చెప్పింది మా నాన్న. అదే చెబుదామని ఇది మొదలుపెట్టాను.

నాన్న పశ్చిమ గోదావరిలో ముప్పై ఒక్క ఏళ్ళు రైసుమిల్లు డ్రైవరు. డ్రైవరంటే లారీ అనుకునేరు. మా వైపు మిల్లు నడిపే మనిషిని అలాగే అంటారు. మోటార్లు, బెల్టులు, ఎలివేటర్లు, ఊక తీసే షెల్లరు, పాలిషరు, జల్లెళ్ళు, అన్నీ ఆయన చేతికింద. మిల్లు ఆడుతున్నప్పుడు పక్కనున్న మనిషి మాట వినపడదు. కానీ ఏ బేరింగు అరిగిందో, ఏ బెల్టు వదులైందో ఆయనకి గేటు దగ్గరే తెలిసిపోయేది. ఓనరు టౌను నుంచి పిలిపించిన మెకానిక్ మిషను విప్పి చూస్తే, నాన్న చెప్పిందే ఉండేది. అందుకు ఓనరు ఒక్క రూపాయి ఎక్కువిచ్చిన పాపాన పోలేదు. అది వేరే కథ.

కొన్నేళ్ళ క్రితం కంటి ఆపరేషన్‌కి నాన్న హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి వచ్చారు. కట్టు ఒక్క రోజే. కానీ అమ్మ ఆయన్ని వారం రోజులు టీవీ దగ్గరికి రానివ్వలేదు. నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తూ ఉండేవారు. ఒక మధ్యాహ్నం ఆయన నిద్రపోయారనుకుని, ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటూ, స్పీకర్లో ఈ ఆల్బమ్ పెట్టాను. ఎప్పుడూ ఇయర్‌ఫోన్లే, ఆ రోజు ఎందుకో స్పీకర్. రెండో పాట సగంలో ఉండగా తలుపు దగ్గర నిలబడి ఉన్నారు, చేత్తో గోడ పట్టుకుని.

"మిక్సీలో చెంచా పడిందేమో చూడమంది మీ అమ్మ" అన్నారు.

ఆపబోయాను. "ఉండనీ" అని కుర్చీ తడుముకుని కూర్చున్నారు. తల కొంచెం పక్కకి వాల్చారు. ఆ వాలు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మిల్లులో స్విచ్ వేశాక మొదటి రెండు నిమిషాలు ఆయన అలాగే నిలబడేవారు.

పాట అయిపోయింది. ఇంకొకటి మొదలైంది. అప్పుడన్నారు: "ఇందులో రెండు మోటార్లున్నాయిరా. ఒకటి లోడు మీద తిన్నగా తిరుగుతోంది. రెండోది దానికన్నా జోరు. మధ్యమధ్యలో దాని బెల్టు జారుతోంది, మళ్ళీ పట్టుకుంటోంది."

నేను నోరు తెరిచాను. పదేళ్ళకి పైగా వింటున్నాను, ఇంత శుభ్రంగా ఎప్పుడూ చెప్పలేకపోయాను. తిన్నగా తిరిగే మోటారు అంటే రోలాండ్ టీఆర్-909 డ్రమ్ మిషన్ కొట్టే కిక్కు, అంటే పెద్ద డ్రమ్ము దెబ్బ. జారే బెల్టు అంటే కోసి, స్పీడు పెంచి, ముక్కలు తారుమారు చేసి అతికించిన బ్రేక్‌బీట్, అంటే పాత రికార్డులోంచి తీసుకున్న డ్రమ్స్ ముక్క. ఇలాంటి సంగీతంలో తెగ వాడిన "ఆమెన్ బ్రేక్" 1969లో ద విన్‌స్టన్స్ అనే బృందం రికార్డులోది, ఆరేడు సెకన్ల డ్రమ్స్. వాయించినాయన గ్రెగరీ కోల్‌మన్. ప్రపంచమంతా ఆ ఆరేడు సెకన్ల మీద బతికింది, ఆయనకి మాత్రం రాయల్టీ కింద పైసా రాకుండానే 2006లో పోయాడు. ఈ చప్పుడు గొప్పదా కాదా అని స్టార్లిచ్చేవాళ్ళు ఒకసారైనా ఆయన్ని తలుచుకుంటే బాగుండు. సరే.

"అయితే మిషను చెడిపోయిందంటారా?" అన్నాను సరదాకి.

"చెడిపోయింది ఇలా మోగదు. చెడిపోతే చప్పుడు ఒకే దారిన పోతుంది, ఎక్కువైపోతానే ఉంటుంది. ఇది ఎక్కువవుతోంది, ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. ఎవడో దగ్గరుండి జారనిస్తున్నాడు."

ఎవడో అంటే అలెక్ ఎంపైర్. 1992లో బెర్లిన్‌లో హానిన్ ఇలియాస్, కార్ల్ క్రాక్‌లతో కలిసి ఈ బృందం పెట్టాడు. పేరులో ఉన్నట్టే అటారీ ఎస్టీ కంప్యూటర్ మీద పాటలు కట్టేవాడు. కీబోర్డులు, డ్రమ్ మిషన్లు తగిలించి నడిపే మిడి పోర్టులు ఆ మిషన్‌కి కంపెనీ నుంచే ఉండేవి, అందుకని అప్పట్లో స్టూడియోల్లో అది మామూలే. మిక్సర్‌లో సిగ్నల్ ఎర్ర లైటు దాటి పోయేదాకా తోస్తే శబ్దం చిట్లుతుంది. మిగతావాళ్ళు దాన్ని తప్పుగా చూసి తగ్గించుకుంటారు. వీళ్ళు ఆ చిట్లడాన్నే వాయిద్యం చేసుకున్నారు. పెద్ద రికార్డు కంపెనీ ఒకటి అడ్వాన్స్ ఇస్తే, ఆ డబ్బుతో 1994లో డిజిటల్ హార్డ్‌కోర్ రికార్డింగ్స్ అని సొంత లేబుల్ పెట్టుకున్నారు. మరుసటి ఏడాది వచ్చిందే మీకు తలనొప్పి తెచ్చిన ఆల్బమ్.

నాన్న తర్వాతి ప్రశ్న: "ఆ పిల్ల ఏమంటోంది?"

"గొడవ మొదలుపెట్టండి అంటోంది నాన్నా."

"అంతేనా?"

"ఇంచుమించు అంతే."

ఇక్కడ ఒక్క నిమిషం. ఈ ఆల్బమ్ మీద అందరూ చేసే పెద్ద ఫిర్యాదు ఇదే. సాహిత్యం లేదు, ఒట్టి నినాదాలు, కాలేజీ గోడ మీద రాతలు అని. చదువుకున్నవాళ్ళే ఎక్కువగా అంటారు. నేనూ అన్నాను, ఒకప్పుడు. నాన్న అన్నది ఇది:

"అంతకన్నా ఎక్కువ అంటే ఎవడికి వినపడుద్ది? షెల్లరు ఆడుతుంటే మనిషికి రెండు ముక్కలే చెప్పగలం. ధాన్యం అయిపోయింది. బెల్టు తెగింది. చెయ్యి తియ్యి. మూడో ముక్క మోటారు తినేస్తుంది."

ఆయన కుడిచేతి చిటికెన వేలు సగమే ఉంటుంది. దాని సంగతి ఎప్పుడూ చెప్పరు, ఆ రోజూ చెప్పలేదు.

అప్పటి నుంచి ఆ పాటలు నాకు వేరేగా వినిపిస్తున్నాయి. నినాదం రాసి దానికి చప్పుడు జోడించినట్టు కాదు. చప్పుడు ముందు ఉంది. దానిలోంచి బయటికి రాగలిగిన మాట అంతే. వాళ్ళ చుట్టూ ఏముందో కూడా చూడాలి. వాళ్ళు మొదలుపెట్టిన 1992లోనే, ఆగస్టులో, జర్మనీలోనే రోస్టాక్ అనే ఊళ్ళో శరణార్థుల మీద, వియత్నాం వాళ్ళుండే భవనం మీద రోజుల తరబడి దాడి చేసి నిప్పంటించారు. చుట్టూ వేలమంది నిలబడి చూశారు, చప్పట్లు కూడా కొట్టారు. వీళ్ళ తొలి పాటల్లో ఒకటి నాజీలను తరిమి వేటాడమనే పాట. పరిశ్రమ చేసి ఉపమాలంకారాలు వెయ్యాల్సిన సందర్భమా అది? చెయ్యి తియ్యి అని అరిచే సందర్భం.

ఇదంతా విని మా ఈఎన్‌టీ డాక్టర్ స్నేహితుడు నా గాలి తీశాడు. మిల్లుల్లో పనిచేసినవాళ్ళకి చెవి ముందుగా 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల దెబ్బతింటుందట. పరీక్ష చేస్తే గ్రాఫులో అక్కడ గొయ్యి కనిపిస్తుందట. "మీ నాన్నకి ఆ గీకుడు శబ్దం సరిగ్గా వినపడదురా, అందుకే తలనొప్పి రాలేదు. మీకు వినపడేది ఆయనకి వడపోసి వినపడుతోంది" అన్నాడు. అయ్యుండొచ్చు. నాన్నకి ఫోన్లో మా పాప మాటలు సరిగ్గా అందవు, అదీ నిజమే. కానీ వడపోస్తే లోపల రెండు మోటార్లు తేలాయి కదా. పూర్తి చెవులున్న వెయ్యి మంది రివ్యూలు రాసి ఆ సంగతి చెప్పలేదే. రైసుమిల్లులోనో, మగ్గాల షెడ్డులోనో, ప్రింటింగ్ ప్రెస్సులోనో పదేళ్ళు పనిచేసినవాళ్ళకి తప్ప ఈ సంగీతం మీద తీర్పు చెప్పే అర్హత లేదని నా అభిప్రాయం. నాకూ లేదు.

ఇక మా అపార్ట్‌మెంట్. ఆ మధ్యాహ్నం పాటలు మొత్తం ఇరవై నిమిషాలు మోగి ఉంటాయి. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో "కొన్ని ఫ్లాట్ల నుంచి వస్తున్న వింత శబ్దాల వల్ల పెద్దలకు ఇబ్బంది" అని మెసేజ్. మా ఇంట్లో పెద్దాయన కుర్చీ వేసుకుని విన్నారని ఎవరికి చెప్పను? ఇదే అసోసియేషన్ వినాయక చవితికి సెల్లార్‌లో మనిషెత్తు డీజే బాక్సులు పెట్టి, కిటికీ అద్దాలు వణికేలా వాయిస్తుంది. రాత్రి పది దాటాక స్పీకర్లు వద్దని 2000 నుంచీ రూల్స్ ఉన్నాయి, పదకొండున్నరకి కూడా ఆపరు. అప్పుడు ఎవరికీ తలనొప్పి రాదు. చప్పుడు మనదైతే పండగ, ఎదుటివాడిదైతే కాలుష్యం.

ఈ ఆల్బమ్‌లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపులో నేను విన్నది నాలుగైదు సార్లకి మించదు. మధ్యలో పాటలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. 1997లో వచ్చిన వీళ్ళ తర్వాతి ఆల్బమ్ "ద ఫ్యూచర్ ఆఫ్ వార్" ఇంతకన్నా బిగువుగా ఉంటుంది. 1999 నాటి "60 సెకండ్ వైప్ అవుట్" మొదటిసారి వినేవాళ్ళకి కాస్త తేలిక. అదే ఏడాది లండన్ బ్రిక్స్టన్ అకాడమీలో నైన్ ఇంచ్ నెయిల్స్ అనే అమెరికన్ బ్యాండు కన్నా ముందు స్టేజీ ఎక్కి, పాటలేవీ పాడకుండా ఒట్టి హోరు వాయించి దిగిపోయారు. ఆ రికార్డు కూడా ఉంది, అరగంటకి కొంచెం తక్కువ. దాన్ని మాత్రం మీరు ఇప్పుడే ముట్టుకోకండి. మీ విషయంలో నేను చెప్పేది ఒక్కటే: చెవిలో దూర్చే ఇయర్‌ఫోన్లు తీసేయండి. గదిలో స్పీకర్ పెట్టి, వాల్యూమ్ తగ్గించి, పక్క గదిలో కూర్చుని వినండి. గోడ కాస్త వడపోస్తుంది.

నల్లద్దాలు తీసేశాక నాన్నకి ఒక వీడియో చూపించాను. 1999 మే డే నాడు బెర్లిన్ వీధుల్లో, కొసావో యుద్ధంలో నాటో బాంబులకి వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపులో వీళ్ళు లారీ మీద నిలబడి వాయించారు. చుట్టూ జనం, పోలీసులు, చివరికి వీళ్ళని అరెస్ట్ చేశారు కూడా. నాన్న ఫోను కంటికి దూరంగా పట్టుకుని రెండుసార్లు చూశారు. అరెస్టుల గురించి ఏమైనా అంటారేమో అనుకున్నాను.

"జనరేటర్ ఎక్కడ పెట్టారు?" అన్నారు.

"లారీ మీదే ఉండి ఉంటుంది నాన్నా."

"అయితే మూడు మోటార్లు" అని ఫోను నాకిచ్చేశారు.