పోస్టర్లకు మార్కులు వేసేటప్పుడు

మేడమ్, ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) సదస్సులో గంటన్నరలో పన్నెండు పరిశోధన పోస్టర్లకు మార్కులెలా వేయాలి, వాటిలో మీ స్టూడెంట్‌ది కూడా ఉంటే ఏం చేయాలి అని అడిగారు. రెండోది తేలికే. ఆ పోస్టర్‌ను వేరే జడ్జికి ఇవ్వమని నిర్వాహకులకు ఇప్పుడే చెప్పేయండి.

ఇక మార్కులు. మొదటి మూడు నాలుగు పెన్సిల్‌తో వేసి, తర్వాత సరిచూసుకోండి. గ్రాఫ్ దగ్గర మాత్రం ఆగండి. ఎర్రర్ బార్ (విలువ అటూఇటూ ఎంత మారొచ్చో చూపే గీత) చూపేది స్టాండర్డ్ డీవియేషనా (విడివిడి కొలతలు సగటు నుంచి ఎంత చెదిరాయో), స్టాండర్డ్ ఎర్రరా (ఆ సగటే ఎంత అటూఇటూ కావచ్చో)? రెండోదైతే చూడ్డానికి చిన్నగా ఉంటుంది, ఫలితం గట్టిదనిపిస్తుంది. శాంపిళ్లు ఎన్నో కూడా అడగండి. విశాఖ ఆర్కే బీచ్ నీళ్ల మీద పనైతే, అన్నీ ఒకేరోజు పట్టినవా, వానాకాలానికి ముందూ తర్వాతా పట్టినవా? "ఇందులో మీరు స్వయంగా చేసిందేంటి?" అన్నది నాకిష్టమైన ప్రశ్న. ఇంగ్లీషులో తడబడితే తెలుగులో చెప్పమనండి. డిజైన్ తళతళలకు నేనైతే పెద్దగా మార్కులివ్వను.