సరస్సుల దేశానికి వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేసి, జూలై ఆఖరి వారంలో నువ్వూ అల్లుడుగారూ పిల్లలిద్దరినీ తీసుకుని ఫిన్లాండ్ వెళ్తున్నారనీ, సైమా సరస్సు ఒడ్డున అడవిలో ఒక చెక్క ఇల్లు వారం రోజులకు అద్దెకు మాట్లాడుకున్నారనీ చెప్పాడు. మన ఇంట్లో విదేశాలకు వెళ్లినవాళ్లు లేకపోలేదు గాని, అందరం ఉద్యోగానికో పురుళ్లు పోయడానికో వెళ్లినవాళ్లమే. ఒక దేశాన్ని చూడాలని మనసు పడి, సొంత జీతంలోంచి కూడబెట్టుకుని వెళ్తున్నది నువ్వే మొదలు. ఆ సంగతి మీ పెద్దమ్మకు చెబుతుంటే నా గొంతు పూడుకుపోయింది. అయితే చివర్లో మీ నాన్న ఇంకో మాట కూడా అన్నాడు. "అక్కడ రాత్రి పదింటికీ వెలుతురు ఉంటుందట, పిల్లలు ఎంతసేపైనా అడవిలో ఆడుకోవచ్చని సంబరపడుతోంది" అన్నాడు. నన్ను తెల్లవారుజామున లేపి ఈ ఉత్తరానికి కూర్చోబెట్టింది ఆ మాటే.

వీసా, టిక్కెట్ల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు కనుక ఒక్క ముక్కలో ముగిస్తాను. ఐరోపాలో చాలా దేశాలకు ఒకటిగా చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు, 30,000 యూరోలకు తగ్గకుండా వైద్య బీమా ఉండాలి, పాస్‌పోర్టు తిరిగి వచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లుబాటు కావాలి. జూలై ఆఖరు ఎంచుకోవడం మంచి పని. జూన్‌లో యుహన్నుస్ అనే నడివేసవి పండుగకు పట్టణాలన్నీ ఖాళీ అయి జనమంతా సరస్సుల ఒడ్డుకు చేరుతారు, దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి, కొత్తవాళ్లకు ఇబ్బంది. నువ్వు వెళ్లేనాటికి ఆ సందడి తగ్గి, నీళ్లు కాస్త వెచ్చబడి, అడవిలో ముస్తిక్కా పళ్లు, అంటే అడవి బ్లూబెర్రీలు, నల్లబడి ఉంటాయి.

ఆ పళ్ల దగ్గరే నేను చేసిన తప్పు ఉంది. మీ నాన్నకు కూడా దాన్ని ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

నేను ఫిన్లాండ్‌లోనే తంపెరె అనే ఊళ్లో ఉద్యోగం చేస్తున్న రోజులవి. 2002 జూలై ఆఖర్లో, ఇప్పుడు నువ్వు వెళ్తున్న, సైమా ఒడ్డునున్న సవోన్లిన్నా ఊరి వైపే, ఇలాంటి ఇల్లే అద్దెకు తీసుకున్నాం. అక్కడ దాన్ని మోక్కి అంటారు. మీ అక్కకు అప్పటికి ఏడేళ్లు. రాత్రి భోజనానికి ముందు, ఏడున్నర ప్రాంతంలో, మీ పెద్దమ్మ అన్నం వారుస్తుంటే, "అరగంటలో వచ్చేస్తాం, పిల్లకు పళ్లు కోసి చూపిస్తాను" అని చెప్పి చిన్న బకెట్టు పట్టుకుని ఇద్దరం బయల్దేరాం. అరగంటే కదా అని ఫోను బల్ల మీదే వదిలేశాను. ఎండ మన ఊళ్లో సాయంత్రం నాలుగు గంటల ఎండలా ఉంది.

ముస్తిక్కా మొక్క మోకాలి ఎత్తు కూడా ఉండదు. పళ్లు ఆకుల కింద దాగి ఉంటాయి, వంగి ఆకు పైకెత్తితే గాని కనిపించవు. మన నేరేడు పండు తిన్నట్టే వేళ్లు, పెదవులు, నాలుక ఊదారంగు అయిపోతాయి. ఒక పొద దగ్గర నాలుగు కోసేసరికి పక్క పొద ఇంకా నల్లగా కనిపిస్తుంది, అక్కడికి వెళ్తే దాని పక్కది పిలుస్తుంది. వంచిన తల ఎత్తకుండా అలా గంటన్నర నడిచామని నాకు తెలియదు. బకెట్టు నిండి తల ఎత్తేసరికి నాలుగు వైపులా ఒకటే అడవి. ఒకటే లావు పైన్ చెట్లు, వాటి మధ్య స్ప్రూస్, నాచు కప్పిన బండలు. మన కోనసీమలో పిల్లాడు దారి తప్పితే గుడి గోపురమో, కాలువ గట్టు మీద తాడిచెట్ల వరుసో చూసుకుని ఇంటికి చేరతాడు. ఆ అడవిలో తల ఎత్తి చూసుకోవడానికి గుర్తన్నది ఒక్కటీ లేదు.

అయినా నేను భయపడలేదు. మ్యాపులో మా ఇల్లూ సరస్సూ అడవికి పడమర వైపు ఉండటం చూసే ఉన్నాను. సూర్యుడు దిగుతున్నాడు, దిగే వైపు పడమర, అటు నడిస్తే సరస్సు తగలక తప్పదు అనుకున్నాను. పుట్టినప్పటి నుంచి నా కళ్లు నేర్చుకున్న లెక్క అది. అమ్మడూ, ఆ లెక్క అక్కడ చెల్లదు. అంత ఉత్తరాన వేసవిలో సూర్యుడు పడమట దిగడు, పక్కకు జారుతూ జారుతూ వాయవ్యంలో దిగుతాడు. తొమ్మిదింటికి నేను పడమర అనుకున్నది నిజానికి వాయవ్యం. పైగా గంట గంటకూ సూర్యుడు ఇంకా ఉత్తరానికి జరుగుతూ ఉంటే, ఆయన ముఖం చూస్తూ తిన్నగా నడుస్తున్నాననుకున్న నేను వంకర తిరిగిపోతూ మా సరస్సు కొసను దాటేసి అవతలి అడవిలో పడ్డాను.

పదింటికి చెట్ల సందుల్లోంచి నీళ్లు మెరిశాయి. దేవుడా అనుకుంటూ పిల్లను ఎత్తుకుని పరుగెత్తాను. ఒడ్డుకు వెళ్లి చూస్తే చెక్క రేవు లేదు, పడవ లేదు, ఇల్లు లేదు. అది వేరే సరస్సు. ఆ దేశంలో 1,88,000 సరస్సులు ఉన్నాయని తంపెరెలో మొదటి వారమే ఎవరో గొప్పగా చెబితే నేనూ గొప్పగానే విన్నాను. ఆ అంకెకు అర్థం ఏమిటో ఆ ఒడ్డున నిలబడినప్పుడు తెలిసింది. నీళ్లు కనిపించినంత మాత్రాన అవి మన నీళ్లు కావు. మీ అక్క నా మెడ చుట్టూ చేతులు వేసి, "నాన్నా, రాత్రి ఎందుకు అవ్వట్లేదు?" అని అడిగింది. ఏం చెప్పానో గుర్తు లేదు. ఆ పిల్ల చేతుల వణుకు మాత్రం ఇప్పటికీ నా మెడ మీద ఉన్నట్టే ఉంటుంది.

సూర్యుడు దిగాక కూడా చీకటి పూర్తిగా పడలేదు గాని, చెట్ల కింద రాయికీ గోతికీ తేడా తెలియని మసక కమ్ముకుంది. నాచు మీద అడుగు వేస్తే కాలు పిక్క దాకా దిగిపోయేది. రెండు సార్లు పడ్డాను, రెండోసారి పిల్లతో సహా పడ్డాను. పదకొండు దాటాక ఒక మట్టి రోడ్డు తగిలింది, దాని మలుపులో కొయ్య మీద వరసగా అయిదు పోస్టు పెట్టెలు. అడవి ఇళ్లకు విడివిడిగా పోస్టు ఇవ్వకుండా రోడ్డు మొదట్లో అలా అన్నీ ఒకచోట పెడతారు. పెట్టెలు ఉన్నాయంటే మనుషులు ఉన్నట్టే. ఆ రోడ్డునే లోపలికి వెళ్తే ఒక పెద్దాయన తలుపు తీశాడు. మా ఇద్దరినీ, ఆ బకెట్టునూ చూసి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా లోపలికి పిలిచి, పిల్లకు పాలూ, యాలకుల వాసన వేసే, వాళ్లు పుల్లా అని పిలిచే తియ్యటి రొట్టే పెట్టి, కారు తాళాలు తీసుకున్నాడు. రోడ్డు మీదుగా మా ఇల్లు అక్కడికి 11 కిలోమీటర్లు.

మేం చేరేసరికి పన్నెండున్నర. మీ పెద్దమ్మ చెక్క రేవు చివర నిలబడి ఉంది. పిలిచి పిలిచి గొంతు పోయింది, మాట రావడం లేదు. ఆవిడ అడవి వైపు కాక నీళ్ల వైపు తిరిగి నిలబడిందంటే ఏం అనుకుంటూ నిలబడిందో నీకు వేరే చెప్పనక్కర్లేదు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. పిల్ల పెదవుల ఊదారంగు చీర చెంగుతో తుడుస్తూ, అది పళ్ల రంగేనని తేలేదాకా వదల్లేదు.

అందుకని చెబుతున్నాను, విను. పిల్లలతో అడవిలోకి వెళ్లేది భోజనం తర్వాత కాదు, పొద్దున. వెలుతురును చూసి టైము అంచనా వేయకు, గడియారం చూడు. బయల్దేరిన టైము, వెళ్తున్న వైపు, తిరిగి వచ్చే టైము కాగితం మీద రాసి బల్ల మీద పెట్టు. ఇద్దరిలో ఒకరు వంగి పళ్లు కోస్తుంటే ఇంకొకరు తల ఎత్తి నిలబడాలి. పిల్లలకు ఆకుపచ్చ, గోధుమరంగు బట్టలు వద్దు, ఎర్రవో నారింజవో వెయ్యి. ఒక్కొక్కరి మెడలో ఒక ఈల ఉండాలి. దారి తప్పామని అనుమానం వచ్చిన క్షణాన ఆగిపోవాలి, నాలా నడవకూడదు. నేను ఆగి ఉంటే మా ఇంటికి కిలోమీటరు దూరంలోనే ఉండేవాణ్ణి. ఇప్పుడు అక్కడ అత్యవసరానికి 112 నంబరు, 112 సువోమి అనే పేరుతో ఫోన్‌లో వేసుకునే ఆప్ కూడా ఉంది. దాని నుంచి ఫోన్ చేస్తే మీరున్న చోటు వాళ్లకు తెలిసిపోతుంది. విమానం ఎక్కకముందే వేసుకో. అల్లుడుగారి ఫోన్‌లో కూడా వెయ్యి. ఎలుగుబంట్ల గురించి పిల్లలు అడుగుతారు. ఉన్నాయి గాని మనిషి అలికిడికే తప్పుకుంటాయి, దాని గురించి దిగులు వద్దు.

అలాగని అడవికి వెళ్లడం మానేస్తావేమో, మానకు. ఎవరి అడవిలోనైనా నడవడానికి, పళ్లు కోసుకోవడానికి అక్కడ అందరికీ హక్కు ఉంది, ఇళ్ల వాకిళ్లు తప్ప. మంట వేయడానికి మాత్రం ఆ నేల యజమాని అనుమతి కావాలి.

నీళ్ల సంగతి. గోదావరి పక్కన పుట్టినదానివి, నీళ్లంటే నీకు చెప్పాలా అనుకోకు. గోదావరి వేగంగా పారుతుంది కనుక మనం భయపడతాం. సైమా పారదు, పలకలా నిశ్చలంగా ఉంటుంది, అందుకే జాగ్రత్త ఉండదు. అడవి నేలలోంచి దిగే నీరు కనుక చాలాచోట్ల తేనీరు రంగులో ఉంటుంది. నడుము లోతులో నా పాదాలే నాకు కనిపించేవి కావు. పైన వెచ్చగా తగిలిన నీరు నాలుగడుగుల కింద చల్లగా కొరుకుతుంది. అద్దె ఇంటి రేవులో కాపలా ఎవరూ ఉండరు. చెక్క రేవు మీద అడుగు పెట్టకముందే, పడవ ఎక్కేటప్పుడు కాదు, రేవు మీద అడుగు పెట్టకముందే చిన్నదానికి లైఫ్ జాకెట్ వెయ్యాలి. ఇల్లు అద్దెకు ఇచ్చినవాళ్లకు పిల్లల బరువులు ఇప్పుడే రాసి, ఆ కొలతవి ఉన్నాయో లేదో కనుక్కో. ఆవిరి స్నానం చేసి వెంటనే సరస్సులో దూకడం వాళ్లకు తరతరాల అలవాటు. మీరు మెట్లు దిగి నెమ్మదిగా దిగండి. ఆ సౌనా మాత్రం తప్పకుండా చేయాలి. రాళ్ల మీద నీళ్లు పోస్తే లేచే ఆవిరిని లోయ్లు అంటారు, ఒళ్లు నొప్పులన్నీ లాగేస్తుంది.

హెల్సింకి నుంచి సవోన్లిన్నాకు కారులో నాలుగు గంటలు దాటుతుంది. బండి కుడి పక్కన నడపాలి, పగలు కూడా హెడ్‌లైట్లు వెలిగే ఉండాలి. కొమ్ముల జంతువు బొమ్మ ఉన్న త్రికోణపు బోర్డు కనిపిస్తే అల్లుడుగారు వేగం తగ్గించాలి. హిర్వి అంటారు దాన్ని, ఎద్దు కంటే ఎత్తు, మునిమాపు వేళ అడవిలోంచి సరాసరి రోడ్డు మీదికి వచ్చేస్తుంది. గుద్దితే దాని కాళ్లు విరిగి మొండెం కారు అద్దం మీద పడుతుంది.

దోమలు ఉంటాయి, పొడుగు చేతుల చొక్కాలు పెట్టుకో. గడ్డిలో పిడుదులు కూడా ఉంటాయి, రోజూ రాత్రి పిల్లల చెవుల వెనక, మోకాళ్ల వెనక వెతికి చూడు. తిండికి బెంగ పడకు. పిమా అని పాల డబ్బాల పక్కనే అమ్ముతారు, చిక్కటి మజ్జిగే అది, అన్నంలో కలుపుకుంటే మన ఇంట్లో తిన్నట్టే ఉంటుంది. వరి అన్నపు జావ నింపిన కర్యాలన్ పీరక్కా అని ఒక రొట్టె ఉంటుంది, పిల్లలు ఇష్టంగా తింటారు. కందిపొడి, ఊరగాయ తీసుకెళ్లమని మీ పెద్దమ్మ మరీ మరీ చెప్పమంది.

1475లో కట్టడం మొదలుపెట్టిన ఓలావిన్లిన్నా కోట సవోన్లిన్నాలోనే నీళ్ల మధ్య ఉంది, చూడండి. పుంకహర్యు గుట్ట మీద ఒకసారి నడవండి, రెండు పక్కలా నీళ్లు, మధ్యలో పైన్ చెట్ల సన్నటి వరస. ఆ భాష పిల్లలకు నాలుగు మాటలు నేర్పు, మన నాలుకకు కష్టం కాదు. మనలాగే మాట చివర ప్రత్యయం అతికిస్తారు. తాలో అంటే ఇల్లు, తాలోస్సా అంటే ఇంట్లో, తాలోస్తా అంటే ఇంట్లోంచి. నేను చేరిన కొత్తలో, చుట్టూ ఒక్క తెలుగు గొంతు లేని చలికాలంలో, ఆ పోలిక దొరికిన రోజు నాకు ఎంత ఊరట కలిగిందో ఇప్పుడు చెప్పినా నీకు అర్థం కాదేమో.

ఆ మర్నాడు సవోన్లిన్నా బజారులో ఒక దిక్సూచి కొన్నాను. మూత విరిగింది గాని సూది ఇప్పటికీ చక్కగా ఉత్తరం చూపిస్తుంది. నిన్న రాత్రి బీరువాలోంచి తీసి తుడిచి పెట్టాను. ఆదివారం పిల్లలను తీసుకుని రా, దాన్ని ఎలా పట్టుకోవాలో పెద్దవాడికి నేనే పెరట్లో నేర్పుతాను. రాలేకపోతే మీ నాన్న చేతికి ఇచ్చి పంపుతాను, కాని రావడానికే చూడు.

మీ పెదనాన్న