రాజు పేరే లేని నగరాలు

ప్రశ్న: మొహెంజోదారోలో తిన్నని వీధులు, డ్రైనేజీ, ఇంటింటికీ స్నానాల గది ఉండేవని మా అబ్బాయి పుస్తకంలో ఉంది. రాజు పేరు మాత్రం ఒక్కటీ లేదు. మరి ఊరిని ఎవరు నడిపారని వాడు అడుగుతున్నాడు. ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మంచి ప్రశ్న అడిగాడండి మీ అబ్బాయి. సింధు లిపిని ఇంతవరకు ఎవరూ నమ్మదగ్గట్టుగా చదవలేకపోయారు కాబట్టి పేర్లు తెలియవు. పేర్లు పక్కన పెట్టినా, ఈజిప్టులో పిరమిడ్‌లా ఇది ఫలానా రాజుది అని తేల్చి చెప్పగలిగే కోటగానీ సమాధిగానీ అక్కడ బయటపడలేదు. పుస్తకాల్లో కనిపించే గడ్డం మనిషి బొమ్మకు 'పూజారి రాజు' అని పేరు పెట్టింది మన కాలపు వాళ్లే, అది 17.5 సెంటీమీటర్లు, జానెడు కూడా ఉండదు.

అందుకే రాజును వెతకడం మానేసి కాలువ చూడమంటాను. స్నానాల గదిలో ఇటుకలను సందు లేకుండా పేర్చి, ఒక మూలకు వాలు పెట్టి, నీళ్లు గోడలోని తూము గుండా వీధి కాలువలో పడేలా కట్టారు. ఆ కాలువ మీద ఇటుకలో రాతిపలకలో కప్పి, అక్కడక్కడా మడ్డి దిగడానికి గుంటలు వదిలారు. ఆ గుంటల్లో పూడిక ఎవరో ఒకరు తీస్తూనే ఉండాలి కదా, మనుషుల్ని పెట్టాలి, వాళ్లకు కూలో గింజలో ఇవ్వాలి, వీధి మీదికి ఎవరైనా గోడ జరిపితే ఆపాలి. ఇదంతా ఒక ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. నా దృష్టిలో పాలన అంటే అదే.

ఇంకోటి చెప్పండి మీ వాడికి. హరప్పాకీ మొహెంజోదారోకీ మధ్య దూరం దాదాపు 600 కిలోమీటర్లు, అయినా రెండుచోట్లా ఇటుక మందం, వెడల్పు, పొడవు 1:2:4 లెక్కలోనే ఉంటాయి. తూకపు రాళ్లు కూడా 1, 2, 4, 8, 16 అంటూ రెట్టింపవుతూ పోతాయి, అందులో 16 రెట్ల రాయి 13.7 గ్రాములకు అటూ ఇటూ. హరప్పాలో ఒక్క బండి పట్టేంత ఇరుకు ద్వారం దగ్గర ఇలాంటి రాళ్లు దొరికాయి, అక్కడ సుంకం వసూలు చేసేవాళ్లని తవ్విన వాళ్లలో కొందరి అభిప్రాయం.

ఒక్క చక్రవర్తి ఆజ్ఞతో ఇదంతా జరిగిందంటే నాకు నమ్మకం కుదరదు. హరప్పాలోనే విడివిడిగా గోడలు కట్టుకున్న దిబ్బలు ఉన్నాయి, అంటే వర్తకులూ పెద్దలూ వర్గాలుగా ఉండి, కొన్ని కట్టుబాట్లకు అందరూ ఒప్పుకుని నడిపి ఉంటారనిపిస్తుంది. గుజరాత్‌లో కచ్ ఎడారిలోని మరో సింధు నగరం ధోలావీరా చూడండి. వానాకాలంలో మాత్రమే పారే మన్సర్, మన్హర్ వాగులకు అడ్డుకట్టలు వేసి, ఆ నీటిని ఊరి చుట్టూ రాతిలో తొలిచిన చెరువుల్లోకి మళ్లించారు. ఎవరి వాటా ఎంతో తేల్చకుండా ఏ ఊళ్లోనూ అలాంటి పని సాగదు.

పట్టు సడలాక ఏమైందో కూడా మొహెంజోదారో పై పొరల్లో కనిపిస్తుంది. క్రీ.పూ. 1900 దగ్గరపడే సరికి పెద్ద ఇళ్లు చిన్న చిన్న గదులుగా చీలిపోయాయి, గోడలు వీధుల్లోకి వచ్చేశాయి, కుండలు కాల్చే బట్టీలు ఇళ్ల మధ్యే వెలిశాయి, కాలువల్లో పూడిక తీసేవాళ్లు లేకుండా పోయారు.