ఆంధ్రా బ్యాంక్ పాత రసీదు దొరికింది, డబ్బు వస్తుందా?

ప్రశ్న: మాది కృష్ణా జిల్లాలో చిన్న ఊరు. నాన్నగారు పోయి పదిహేనేళ్లయింది. మొన్న ట్రంకుపెట్టె సర్దుతుంటే 1996 నాటి ఆంధ్రా బ్యాంక్ ఎఫ్‌డీ రసీదు కనబడింది. 25,000 రూపాయలు, మూడేళ్లు, 12 శాతం వడ్డీ. ఇప్పుడు ఆ బ్యాంకూ లేదు, ఆ బ్రాంచీనీ పక్కదాంట్లో కలిపేశారు. నామినీ ఎవరో తెలియదు. అమ్మ, నేను, తమ్ముడు ఉన్నాం. ఆశ వదులుకోవాల్సిందేనా?

జవాబు: వదులుకోకండమ్మా. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మొదలుపెట్టిన ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. పాత డిపాజిట్ల బాధ్యత కూడా దానితోపాటే వెళ్లింది.

ముందు రసీదు వెనక్కి తిప్పి చూడండి. డబ్బు తీసుకునేటప్పుడు అక్కడే రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం చేసి, కాగితం బ్యాంకుకు ఇచ్చేసేవారు. ఎఫ్‌డీ మీద అప్పు తీసుకున్నా రసీదు బ్యాంకులోనే ఉండేది. అసలు కాగితం మీ ఇంట్లో ఉండి, వెనక ఖాళీగా ఉందంటే చాలా మంచి సూచన. పోయిందని చెప్పి నాన్నగారు డూప్లికేట్ తీసుకున్నారేమో, అది మాత్రం అమ్మగారిని అడగండి.

చిక్కు వచ్చేది నంబరు దగ్గర. అప్పట్లో ఖాతాలు లావుపాటి లెడ్జర్లలో ఉండేవి. తర్వాత కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు నంబర్లు మారాయి. కౌంటర్లో కుర్రాడు పాత నంబరు కొట్టి ‘లేదండీ’ అంటే వెనక్కి వచ్చేయకండి. రసీదు జిరాక్స్ జతచేసి మేనేజరుకు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఇంకో పని కూడా చేయండి, నాకు దీనిమీద చాలా నమ్మకం. మేనేజర్లు బదిలీల మీద వస్తూ పోతూ ఉంటారు. గుమాస్తా, అటెండరు, బంగారం తూచే అప్రైజరు మాత్రం చాలాచోట్ల ఆ ఊరివాళ్లే, ఏళ్ల తరబడి అక్కడే పనిచేసినవాళ్లు. రిటైరైనవాళ్లు మీ ఊళ్లో ఉంటే వెళ్లి కలవండి. పాత లెడ్జర్లు ఏ బ్రాంచీకి తరలించారో వాళ్లకు గుర్తుండొచ్చు.

పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వ్ బ్యాంక్ నిధికి వెళ్తాయి. అక్కడికి వెళ్లినా హక్కు పోదు, బ్యాంకు ద్వారానే తీసుకోవచ్చు. రిజర్వ్ బ్యాంక్ ‘ఉద్గమ్’ పోర్టల్లో నాన్నగారి పేరుతో వెతకండి. పాన్ లేకపోతే ఓటరు కార్డు నంబరైనా, పుట్టినతేదీ అయినా సరిపోతుంది.

ఎంత వస్తుందంటే, మూడు నెలలకోసారి చక్రవడ్డీ కట్టే డిపాజిట్ అయితే 1999కి సుమారు 35,600 అయి ఉండాలి. ఆ తర్వాత 12 శాతం నడవదు, చాలా తక్కువ వడ్డీయే వస్తుంది. లక్షలు వస్తాయని అప్పులు చేయకండి. ఇప్పిస్తామంటూ కమీషన్ అడిగేవాళ్లకు పైసా ఇవ్వకండి.

మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ముగ్గురి ఆధార్‌లు సిద్ధం చేసుకోండి. నామినీగా ఎవరి పేరున్నా వాళ్లు డబ్బు అందుకునేవాళ్లు మాత్రమే, అందులో వారసులందరికీ వాటా ఉంటుంది. అమ్మగారికే ఇవ్వాలనుకుంటే మీరూ తమ్ముడూ అభ్యంతరం లేదని సంతకాలు పెట్టండి.

బ్యాంకుకు వెళ్లిన రోజే అమ్మగారి ఖాతాలో నామినీ పేరుందో లేదో చూసుకోండి. 2025 నవంబరు 1 నుంచి నలుగురి పేర్లు దాకా రాయించవచ్చు.