లేజర్ కాలుస్తుందా, రాలుస్తుందా?

సందేహం: మా బడి గోడపత్రికలో ఒక పిల్లవాడు ‘భూకక్షలోని వ్యర్థాలను లేజర్‌తో కాల్చేస్తున్నారు’ అని రాశాడు. ‘పేల్చేస్తున్నారు’ అనాలని ఒక అమ్మాయి, ‘కూల్చేస్తున్నారు’ అనాలని మా తోటి టీచరు అంటున్నారు. ఏది సరైనది?
– ఒక సైన్సు టీచరు, కావలి, నెల్లూరు జిల్లా

సమాధానం: మూడూ మంచి తెలుగు క్రియలేనమ్మా. కానీ ఇక్కడ మూడూ అతకవు. ముందు పైన జరిగే పనేమిటో చూడాలి.

ఈ వ్యర్థాలంటే భూమి చుట్టూ తిరుగుతున్న పాత రాకెట్ల, ఉపగ్రహాల ముక్కలు. లేజర్ ఆ ముక్కను బూడిద చేయదు. నేలమీది నుంచి వదిలే బలమైన కాంతి పల్స్ (క్షణంలో వెలిగి ఆరే మెరుపు) తగిలినప్పుడల్లా ముక్క పైపొర రవ్వంత ఆవిరై ఎగజిమ్ముతుంది. ఆ విసురుకు ముక్క వెనక్కి నెట్టుకుపోయి వేగం తగ్గుతుంది. ఇలా పదేపదే కొడితే దాని దారి కిందికి దిగి, వాతావరణంలో పడుతుంది. అక్కడ గాలి తాకిడికి వేడెక్కి కాలిపోతుంది. అంటే లేజర్ ‘కాల్చదు’, ముక్కే ‘కాలుతుంది’. పైగా ‘కాల్చు’కు తుపాకీ అర్థం కూడా ఉంది కాబట్టి చదివేవారు ఇంకోలా అనుకోవచ్చు.

కాలు–కాల్చు, పేలు–పేల్చు, కూలు–కూల్చు, రాలు–రాల్చు. ‘చు’ చేరగానే ఆ పనికి ఒక కర్త వస్తాడు. 2001లో శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ3 రాకెట్ చివరి దశ, ఉపగ్రహాలను వదిలాక, ఆ డిసెంబరులో కక్ష్యలోనే 300కు పైగా ముక్కలైంది. అది పేలింది, ఎవరూ పేల్చలేదు. 2007లో చైనా తన పాత వాతావరణ ఉపగ్రహాన్ని క్షిపణితో కొట్టింది. అది పేల్చడం. ప్రమాదానికీ ఉద్దేశానికీ మధ్య తేడాను ఒక్క అక్షరం చెబుతోంది. దీన్ని మాత్రం పిల్లలకు తప్పకుండా చెప్పండి. వ్యర్థాలను ‘పేల్చేస్తే’ అవి తగ్గకపోగా పెరుగుతాయి కూడా.

‘కూల్చు’ గోడకో, చెట్టుకో, విమానానికో సరిపోతుంది. ఈ లేజర్ పద్ధతిపై 1990లలో నాసా ఓరియన్ పేరుతో చేయించిన అధ్యయనం 1 నుంచి 10 సెంటీమీటర్ల ముక్కల గురించి. వేలెడంత బోల్టును ఎవరూ కూల్చరు.

నా ఓటు ‘రాల్చు’కే. చిన్నవీ, ఎక్కువగా ఉన్నవీ, ఒక దెబ్బ తగిలితే వాటంతట అవే పడేవీ అయితే మనం రాలుస్తాం, కర్రతో చింతకాయలు రాల్చినట్టు. చుక్క రాలిందని మనవాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు. వాతావరణంలో మండే ఈ ముక్క కూడా చూసేవారికి అలాగే కనిపిస్తుంది.

కాలం కూడా మార్చాలి. ఈ పద్ధతిలో కక్ష్యలోని వ్యర్థాలను తొలగించే పని ఇంకా మొదలు కాలేదు. కాబట్టి ‘స్తున్నారు’ తగదు. ఇలా రాయించండి: ‘లేజర్ దెబ్బలతో వేగం తగ్గించి, భూకక్ష్యలోని చిన్న వ్యర్థాలను రాల్చవచ్చు, అవి వాతావరణంలో కాలిపోతాయి.’

‘కక్ష’ను ‘కక్ష్య’ అని దిద్దాను, గమనించండి. వాడుకలో కక్ష అంటే పగ.