మన్యం దారులకు పికప్ బండిని సిద్ధం చేసుకోవడం గురించి మేనల్లుడికి ఒక లేఖ

గాజువాక, విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. నాలుగు చక్రాలకూ పవరు ఉన్న డబుల్ క్యాబ్ పికప్ కొన్నావని, దానికి బుల్ బారు (ముందు బంపరుకు బిగించే ఇనుప కమ్మీల అడ్డు), పైన లైట్ల పట్టీ, పెద్ద టైర్లు, కప్పు మీద గుడారం బిగించి స్నేహితులతో కలిసి చింతపల్లి, సీలేరు వైపు వేటకు వెళ్లాలనుకుంటున్నావని రాశావు. బండి కొన్నందుకు సంతోషమే కానీ, నువ్వు రాసిన జాబితాలో అవసరమైనవి తక్కువగానూ, కంటికి ఇంపైనవి ఎక్కువగానూ కనిపించాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా వేట సంగతి తేల్చుకుందాం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అమల్లో ఉంది. ఆ చట్టంలోని 9వ సెక్షను వేటను నిషేధిస్తుంది. దుప్పి, అడవిపంది, కుందేలు వంటి జంతువులలో దేన్ని చంపినా నేరమే. నేరానికి వాడిన తుపాకీతో పాటు వాహనాన్ని కూడా పట్టుకుంటారు, అలా పట్టుకున్న వాహనం ప్రభుత్వ ఆస్తి అవుతుందని అదే చట్టం 39వ సెక్షను చెబుతోంది. తాతయ్య చెప్పిన వేట కథలు వింటూ పెరిగినవాడివి కనుక నీకు ఆ మోజు ఉండడం సహజమే. అయినా ఆ కథలు ఆయన కాలానివి, ఆ కాలం పోయింది. వేట మాట నీ మనసులోంచి పూర్తిగా తీసేయమని పెద్దవాడిగా గట్టిగా చెబుతున్నాను. కెమెరా పట్టుకుని వెళ్లు, గుడారం వేసుకుని రెండు రాత్రులు ఉండు. అందుకోసం బండిని తయారు చేసుకుంటానంటే నాకు తెలిసినదంతా చెబుతాను.

సీలేరు నుంచి మైదానానికి కరెంటు తెచ్చే లైన్ల పనిలో నేను ముప్పై ఏళ్లు జీపులు, పికప్పులు నడిపాను. టవర్ల దగ్గరికి తారురోడ్డు ఉండదు. ఎర్రమట్టి బాట, ఆ పైన రాళ్లు, మధ్యలో గెడ్డలు, అంటే కొండవాగులు, ఉంటాయి. అక్కడ బండి ఆగిపోతే ఫోను సిగ్నలు ఉండేది కాదు, ఇప్పటికీ చాలా చోట్ల ఉండదు. కాబట్టి ఏ వస్తువు కొనబోయినా, దారిలో చిక్కుకున్నప్పుడు బండినీ మనుషులనూ ఇంటికి చేర్చడానికి అది పనికొస్తుందా లేదా అని ముందు చూసుకో. పనికొచ్చేవన్నీ సమకూరాక డబ్బు మిగిలితే మిగతా సరదాలు చూడవచ్చు.

అన్నిటికంటే ముందు బరువు సంగతి చూడాలి. ఆర్.సి. పుస్తకంలో బండి ఖాళీ బరువు, మొత్తం బరువు అని రెండు అంకెలు ఉంటాయి. ఆ రెండింటికీ తేడా ఎంతో అంతే నువ్వు మోయగలిగిన బరువు, మనుషులు కూడా అందులోకే వస్తారు. ఒక్కసారి లెక్క వేసి చూడు. అయిదుగురు మనుషులు 350 కిలోలు, వెనుక తొట్టి మీద కప్పు 70 కిలోలు, కప్పు మీద గుడారం 60, నీళ్లు 40 లీటర్లకు 40, అదనపు డీజిలు 20 లీటర్లకు 17, పనిముట్లు 60, రెండో స్టెప్నీ 30 అనుకుంటే మొత్తం ఆరువందలు దాటిపోతుంది. ఇందులో ఇంకా బియ్యం, వంటపాత్రలు, బట్టలు లేవు. కాబట్టి ఏదీ బిగించక ముందే ఖాళీ బండిని కాటా మీదికి తీసుకెళ్లి, మొదట ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒక తూకం, ఆ తరువాత బండి మొత్తం ఎక్కించి మరో తూకం వేయించు. రెంటికీ తేడా వెనుక ఇరుసు మీద పడే బరువు. సామాన్లన్నీ సర్దుకున్నాక మళ్లీ అలాగే తూయించు.

బరువు ఎంత ఉందన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ పెట్టామన్నదీ అంతే ముఖ్యం. వెనుక ఇరుసు దాటి తొట్టి చివరన బరువు పెడితే అది పలుగులా పనిచేసి ముందు చక్రాలను పైకి లేపుతుంది. అప్పుడు ఘాట్ రోడ్డు మలుపుల్లో స్టీరింగు తేలికైపోయి, బండి మన మాట వినదు. ఛాసిస్ కూడా క్యాబ్ వెనుక భాగంలో వంగడమో పగలడమో జరుగుతుంది. నీళ్ల డబ్బాలు, పనిముట్ల పెట్టె వంటి బరువైనవన్నీ క్యాబ్ గోడకు ఆనించి, తొట్టి అడుగున పెట్టి, బెల్టులతో బిగించి కట్టు. పరుపులు, బట్టల వంటి తేలికైనవి చివరన ఉండవచ్చు. కప్పు మీద గుడారం వద్దనే నా అభిప్రాయం. మలుపుల్లో పై బరువు బండిని పక్కకు లాగుతుంది. నేల మీద వేసుకునే గుడారమూ, ఒక మంచి బరకమూ చాలు.

వెనుక కమాను కట్టలకు అదనపు పట్టీ వేయించమని దుకాణంవాళ్లు నీకు చెప్పే ఉంటారు. ఎప్పుడూ బరువుతో తిరిగే బండికి అది మేలే. నీ బండి వారంలో ఆరు రోజులు బీచ్ రోడ్డు మీద ఖాళీగా తిరుగుతుంది కనుక, గట్టి కమానుతో వెనుక చక్రాలు ఎగిరెగిరి పడి, వాన తడిలో పట్టు తప్పుతాయి. కాటా తూకం చూశాకే ఆ నిర్ణయం తీసుకో.

టైర్ల మీద మాత్రం లోభించకు. తారు మీదా, మట్టి బాట మీదా పనికొచ్చే ఆల్ టెర్రైన్ రకం తీసుకుంటే చాలు, పూర్తి బురద టైర్లు తడి తారు మీద జారతాయి, మోతగా కూడా ఉంటాయి. కంపెనీ చెప్పిన కొలత దాటకు. పెద్ద టైర్లు వేస్తే స్పీడు ముల్లు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, ఘాట్ దిగేటప్పుడు బ్రేకుకు పని పెరుగుతుంది. రిమ్ము విషయంలో 18 అంగుళాల దానికంటే 16 అంగుళాలది మేలు. రిమ్ము చిన్నదైతే టైరు పక్కగోడ ఎత్తుగా ఉంటుంది, గాలి తగ్గించినప్పుడు ఆ పక్కగోడే పరుచుకుని నేలను పట్టుకుంటుంది.

ఈ గాలి తగ్గించే విద్య చాలామందికి తెలియదు. తారు మీద 35 పాయింట్లు ఉన్న గాలిని రాళ్ల బాటలో 25కి, బురదలో 20కి తగ్గిస్తే, అంతకు ముందు గిరగిరా తిరిగిన చక్రమే బండిని నెమ్మదిగా ముందుకు లాక్కెళుతుంది. గాలి తగ్గించినంతసేపూ 40 కిలోమీటర్ల వేగం మించకూడదు. మలుపులు నిదానంగా తిప్పాలి, లేకపోతే టైరు రిమ్ము నుంచి ఊడి వస్తుంది. తారు ఎక్కేముందు మళ్లీ గాలి నింపాలి కనుక గాలి పంపు తప్పనిసరి. సిగరెట్ లైటరు సాకెట్టులో పెట్టేది కాక, నేరుగా బ్యాటరీకి క్లిప్పులు పెట్టే రకం కొను. చిన్న సాకెట్టు అంత కరెంటును తట్టుకోలేక ఫ్యూజు కొట్టేస్తుంది. స్టెప్నీని కిందికి దింపే గొలుసును ఇంటి దగ్గరే ఒకసారి తిప్పి చూసుకో. ఎర్రబురద ఎండి బిగుసుకుపోయిందంటే అడవిలో అది కదలదు.

ఇక బండిని లాగే సామాను. ఇక్కడ నేను చూసిన ఒక ప్రమాదం చెప్పాలి. వానాకాలంలో ఒక సాయంత్రం మా జీపు బురదలో ఇరుసుదాకా దిగబడింది. లాగడానికి వచ్చిన లారీకీ మా జీపుకూ మధ్య ఒక ఇనుప తీగ కట్టారు. ఆ తీగ కొనకు ఉన్న కొక్కేన్ని మా మేస్త్రి ఒక దుకాణంలో తక్కువ ధరకు తెచ్చాడు, దాని మీద ఎంత బరువు తట్టుకుంటుందో రాసి లేదు. లారీ ఒక్కసారి గట్టిగా లాగగానే ఆ కొక్కెం మెడ దగ్గర విరిగి, మా జీపు ముందు అద్దాన్ని పగలగొట్టుకుని వచ్చి డ్రైవరు సీటు వీపుభాగంలో దిగబడింది. పది నిమిషాల ముందే, చక్రాల కింద రాళ్లు పెట్టడానికి నేను ఆ సీట్లోంచి దిగాను. సీటు రెగ్జిను చీలి, లోపలి కొబ్బరిపీచు బయటికి వచ్చి ఉండడం ఇప్పటికీ నా కళ్ల ముందు కనిపిస్తుంది.

అందుచేత, ఎన్ని టన్నులు తట్టుకుంటుందో ముద్ర వేసి లేని కొక్కెం గానీ, షాకిల్ (తాడును బండికి తగిలించే ఇనుప కడియం) గానీ ముట్టుకోకు. ట్రైలరు తగిలించే గుండు మీద తాడు ఎప్పుడూ వేయకు, ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన లాగుడు కొక్కేనికే వెయ్యి. తాడు సంగతికి వస్తే, చేపలరేవు దగ్గర అమ్మే పచ్చని, నీలం రంగు ప్లాస్టిక్ మోకులు పడవలు కట్టడానికి బాగుంటాయి గానీ బండి లాగడానికి పనికిరావు. ఎండకు పెళుసెక్కి తెగిపోతాయి. బండి లాగడానికి నైలానుతో చేసిన సాగే తాడు తీసుకో. అది సాగి, కుదుపును తనలో పీల్చుకుంటుంది. లాగేటప్పుడు తాడు మధ్యలో ఒక తడిపిన గోనె సంచి వెయ్యి, తెగినా తాడు ఎగరకుండా అది ఆపుతుంది. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో మనిషన్నవాడు ఉండకూడదు.

ఇక నువ్వు అడిగిన కరెంటు వించి, అంటే బ్యాటరీ కరెంటుతో తీగను చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం గురించి. మూడు టన్నుల బండికి దానికి ఒకటిన్నర రెట్లు, అంటే నాలుగున్నర టన్నులు లాగే వించి కావాలి. దాన్ని బిగించడానికి ముందు వైపు గట్టి ఇనుప బంపరు కావాలి. ఆ బంపరు ఇప్పుడు కుదరదు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ బుల్ బార్లు, క్రాష్ గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధమని రాష్ట్రాలకు రాసింది. గుద్దుకున్నప్పుడు ఆ ఇనుము ఎయిర్‌బ్యాగులను సరిగ్గా తెరుచుకోనివ్వకపోవచ్చు, అడ్డొచ్చిన మనిషికీ దెబ్బ ఎక్కువ తగులుతుంది. దాని బదులు లైన్ల పనిలో మేము వాడిన టిర్ఫార్ తీసుకో. చేత్తో మీట ఊపితే ఇనుప తీగను అంగుళం అంగుళం లాగే యంత్రం అది. దానికి బ్యాటరీ అక్కరలేదు. బండి ముందుకైనా, వెనక్కైనా, పక్కకైనా లాగుతుంది. పని నెమ్మదే, కానీ పట్టు వదలదు. ఒక కప్పీని జోడిస్తే లాగుడు శక్తి రెట్టింపవుతుంది. చెట్టుకు కట్టేటప్పుడు మాత్రం తీగను నేరుగా చుట్టకు, వెడల్పాటి బెల్టు వెయ్యి, లేకపోతే చెట్టు బెరడు కోసుకుపోతుంది. దీనితో పాటు ఒక పార, పలుగు, జాకీ కింద పెట్టడానికి అడుగు వెడల్పు మందమైన చెక్క, ఒక చేతి రంపం తొట్టిలో ఉంచుకో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక రంపం లేనివాళ్లు ఎక్కడికక్కడ నిలిచిపోయారు, ఉన్నవాళ్లు రోడ్డుకు అడ్డంగా పడిన కొమ్మలు కోసుకుంటూ కదిలారు.

గెడ్డ దాటే ముందు బండి ఆపి, కర్ర పట్టుకుని నువ్వు నడిచి అవతలికి వెళ్లి రా. నీ కాళ్లను లాగేసే నీరు బండినీ లాగేస్తుంది. చక్రం సగానికి మించి నీళ్లుంటే దిగకు. ఎగువన కొండ మీద నల్లగా మబ్బు పట్టి ఉంటే, ఇక్కడ ఎండ కాస్తున్నా దిగకు, గంటలో గెడ్డ పొంగుతుంది. స్నార్కెల్ బిగించుకున్నంత మాత్రాన బండి పడవ కాదు. ఇంజను గాలి పీల్చే మార్గం ఎత్తుగా ఉంటుందే తప్ప, ఇరుసు హౌసింగుల (ఇరుసు గేర్లు, ఆయిలు ఉండే డొప్పల) మీద ఉండే చిన్న బ్రీదర్లలోంచి, అంటే గాలి రంధ్రాలలోంచి, నీరు లోపలికి పోతుంది. వాటికి గొట్టాలు తగిలించి పైకి తీసుకురావడం తక్కువ ఖర్చులో అయ్యే పని, స్నార్కెల్ కంటే ముందు అది చేయించు. దాటాక బ్రేకు తేలికగా నాలుగుసార్లు నొక్కి ఆరబెట్టుకో. ఇంటికి వచ్చాక హౌసింగు ఆయిలు చూడు, పాలలా తెల్లగా మారి ఉంటే నీరు చేరినట్టే.

పొడి తారు మీద ఫోర్ హై (నాలుగు చక్రాలకూ పవరు ఇచ్చే మామూలు వేగం గేరు) వేసి నడపకు. మలుపుల్లో ముందు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి కనుక గేర్లు మెలిపడి బిగుసుకుపోతాయి. నిటారు దిగుడులో మాత్రం ‘ఫోర్ లో’ (నాలుగు చక్రాలకూ పవరు ఇస్తూ నెమ్మదిగా నడిపే గేరు), దానితో ఒకటో గేరు వేసి ఇంజనే బండిని పట్టి ఉంచేటట్టు దిగు. పాడేరు ఘాట్‌లో బ్రేకు మీదే ఆధారపడి దిగిన బండ్ల నుంచి కాలిన వాసన రావడం నాకు అనుభవమే.

లైట్ల విషయంలో ఎక్కువ చెప్పను. లంబసింగి వైపు చలికాలం పొగమంచులో పైన పెట్టిన తెల్లని లైట్ల పట్టీ వెలుగు మంచుకు తగిలి నీ కళ్లలోకే వస్తుంది. బంపరులో కిందుగా ఉండే పసుపు ఫాగ్ లైట్లు కావాలి. 12 ఓల్టుల మీద 100 వాట్ల లైటు 8 ఆంపియర్లకు పైగా లాగుతుంది కనుక రిలే (స్విచ్చు మీద ఆ కరెంటు భారం పడకుండా చూసే పరికరం), తగిన మందం తీగ వేయించి, ఫ్యూజును బ్యాటరీకి దగ్గరగా పెట్టించు.

తొట్టిలో పెట్టెలు చేయించేటప్పుడు దొంగ అరలు, రెండో అడుగు వంటివి పెట్టించకు. గంజాయి రవాణా వల్ల ఏజెన్సీ దారుల్లో చెక్‌పోస్టుల దగ్గర బండ్లు క్షుణ్ణంగా చూస్తారు. పెట్టెలన్నీ మూత ఎత్తగానే లోపల కనిపించేటట్టు ఉండాలి, కొన్న సామాన్ల బిల్లులు దగ్గర పెట్టుకోవాలి.

మన ఊరి ఉప్పుగాలిని కూడా మరవద్దు. నెలకోసారి బండి అడుగు భాగం మంచినీళ్లతో కడిగించి, వానాకాలానికి ముందు తుప్పు పట్టకుండా పూత వేయించు. భీమిలి వైపు ఇసుకలోకి బండి దింపే సరదా పెట్టుకోకు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి వచ్చి ఆ ఇసుకలోనే గుడ్లు పెడతాయి.

వచ్చే ఆదివారం పొద్దున్నే ఖాళీ బండి తీసుకుని మా ఇంటికి రా. డీజిలు నింపించి ఉంచు, తొట్టిలో ఏమీ పెట్టకు. ఆటోనగర్ దగ్గర కాటా వేయించి, ఆ అంకెలు చూసుకుని ఏది కొనాలో, ఏది మానాలో ఇద్దరం కూర్చుని రాసుకుందాం. అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య