ఆశా కార్యకర్తకు పరీక్ష పెట్టవలసిన చోటు బాలింత ఇల్లు

ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, సర్టిఫికెట్ చేతికిస్తే పల్లెల్లో నిజంగా మార్పు వస్తుందా అని అడిగారు. శ్రీకాకుళం జిల్లాలో ఏఎన్ఎంగా మొదలుపెట్టి, హెల్త్ సూపర్‌వైజర్‌గా పదవీ విరమణ చేసే వరకు ఈ తరగతుల్లో పాఠాలు చెప్పినదాన్ని కనుక గట్టిగానే చెబుతున్నాను: తప్పకుండా వస్తుంది, కానీ ఆ పరీక్ష బాలింత ఉన్న ఇంట్లో జరగాలి.

ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లిని 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా ఇంటికి వెళ్లి చూడాలన్నది నియమం. అలా ఏడో రోజున వెళుతున్న ఒక కార్యకర్త వెంట నేనూ వెళ్లాను. మేము వెళ్లేసరికి నాయనమ్మ పసిబిడ్డకు సాంబ్రాణి పొగ వేయడానికి నిప్పులు సిద్ధం చేస్తోంది. బిడ్డ పొద్దుటి నుంచి పాలు సరిగా తాగడం లేదని తల్లి నెమ్మదిగా చెప్పింది. పురుడు తీరకుండా బిడ్డను గడప దాటించేది లేదని నాయనమ్మ ముందుగానే తేల్చేసింది. ఆ కార్యకర్త వాదనకు దిగలేదు, పొగ ప్రస్తావనే తేలేదు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, బిడ్డ ఛాతీ మీది గుడ్డ తొలగించి, తన చేతి గడియారం తీసి నాయనమ్మకు ఇచ్చింది. "అత్తా, ఇది నువ్వు పట్టుకో. ఈ సన్నముల్లు ఒక చుట్టు తిరగ్గానే నాకు చెప్పు" అంది. నిమిషానికి ఊపిరి లెక్క 66 వచ్చింది. పసిబిడ్డల ఊపిరి ఒక తీరుగా ఉండదు కాబట్టి 60 గానీ అంతకు మించి గానీ వస్తే మళ్లీ లెక్కపెట్టాలి. రెండోసారి 64 వచ్చింది. ఈ రెండు నిమిషాలూ మనవడి డొక్కలు ఎగిసిపడటం నాయనమ్మ కళ్లారా చూసింది. కొడుకును కేకవేసి 108కి ఫోన్ చేయమన్నది ఆమే. బిడ్డ నిమోనియాకు చికిత్స పొంది క్షేమంగా ఇంటికి వచ్చాడు.

ఊపిరి ఎన్ని దాటితే ప్రమాదమో కాగితం మీద రాయమంటే చాలామంది రాస్తారు. గడియారం ఎవరి చేతిలో పెట్టాలో ఏ ప్రశ్నపత్రమూ అడగదు. ఆరోగ్య బోధన అంటే నా దృష్టిలో ఆ గడియారాన్ని అలా ఇవ్వగలగడమే.

ఇది పల్లె స్త్రీలకు అందని విద్య అని పెదవి విరిచేవారు మహారాష్ట్రలోని గడ్చిరోలిని చూడాలి. అక్కడ డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊళ్లలోని స్త్రీలకే ఈ పని నేర్పారు. నవజాత శిశు మరణాలు 60 శాతానికి పైగా తగ్గినట్టు 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. 2011లో దేశమంతటా ఆశాలకు అప్పగించిన ఇంటివద్ద నవజాత శిశు సంరక్షణకు ఆ అనుభవమే మూలం. అక్కడ పర్యవేక్షకులు ఊరికి వచ్చి, ఇళ్లకు వెళ్లి, చేసిన పనిని సరిచూసేవారు. మనం ఆ శిక్షణను తెచ్చుకున్నాం కానీ ఆ సరిచూడటాన్ని వదిలేశాం.

ఆశా శిక్షణలో ఈ నైపుణ్యాలు నేర్పే ఆరు, ఏడు మాడ్యూళ్లకు (పాఠ్యభాగాలకు) నాలుగు విడతలుగా 20 రోజులు కేటాయించారు. నేను చూసిన చాలా తరగతుల్లో ఆ కాలమంతా తెర మీది స్లైడ్లు చదివి వినిపించడంతోనే గడిచిపోయింది. ఊరికి తిరిగి వెళ్లిన కార్యకర్త కిట్టులో థర్మామీటర్ బ్యాటరీ అయిపోతే మార్చేవారు ఉండరు, యాప్‌లో వివరాలు ఎక్కలేదని మాత్రం సాయంత్రానికల్లా ఫోన్ వస్తుంది. పనిముట్టు ఇవ్వకుండా నైపుణ్యాన్ని పరీక్షించడం అన్యాయం.

జాతీయ సార్వత్రిక విద్యాపీఠం (ఎన్ఐఓఎస్) ద్వారా ఆశాలకు ధ్రువీకరణ ఇచ్చే ఏర్పాటు ఉన్నందుకు నాకు సంతోషమే. ఊళ్లో "మందులిచ్చే అమ్మాయి" అనిపించుకున్న స్త్రీకి తన పేరుతో ఒక పత్రం ఉండటం చిన్న విషయం కాదు. అయితే ఎనిమిదో తరగతి చాలని చెప్పి 2005 తర్వాత తీసుకున్న వారిని ఇప్పుడు రాతపరీక్ష పేరుతో పక్కకు నెట్టే ఆలోచన ఎవరికీ రాకూడదు. మెడికల్ ఆఫీసరో ఏఎన్ఎమ్మో వెంట వెళ్లి, చేతులు కడుక్కోవడం, తూకం, ఊపిరి లెక్క, ఇంటి పెద్దతో మాట్లాడే తీరు చూసి మార్కులు వేయాలి. తగ్గినచోట అదే ఊళ్లో మళ్లీ నేర్పించాలి. శిక్షకులను, శిక్షణ కేంద్రాలను కూడా ధ్రువీకరించాలని ఆ ఏర్పాటులోనే ఉంది కనుక, బాలింత ఇంట్లో పెట్టే ఈ పరీక్షను మొదట స్లైడ్లు చదివే శిక్షకులకే పెట్టాలి.